కాజా: మిఠాయా, పనా, ఇల్లా?

రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టే వీధుల్లో "కాజాలు అయినాయా?" అన్న కేక రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. కాజా అంటే గుండీ దూరే బెజ్జం. (బొత్తాం అనే వాళ్లూ ఉన్నారు, కన్నడం పక్కనే ఉన్నందుకేమో మాకు గుండీ అంటేనే బాగుంటుంది.) షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి ముందు అప్పజెప్పేది ఈ పనే. ఆ మాట ఎక్కడిదంటే మాత్రం తలా ఒకటి చెబుతారు.

మిఠాయి కాజాతో ముడిపెట్టే వాళ్లను పక్కన పెట్టేద్దాం. అది సంస్కృతం 'ఖాద్యం' నుంచి హిందీ 'ఖాజా' మీదుగా వచ్చింది, తినేది అని అర్థం. గుడ్డకు దాంతో ఏ చుట్టరికమూ లేదు.

మా వీధి మేస్త్రి మాట వేరు. "హిందీలో కాజ్ అంటే పని కదా సార్? కామ్ కాజ్ అంటారు చూడండి. చొక్కాకు ఆఖరి పని ఇదే, అందుకే కాజా." వినడానికి బాగుంది. 'కార్యం' నుంచి 'కాజ్' పుట్టిన సంగతీ నిజమే. కానీ కాలర్ కుట్టడం పని కాదా, జేబు వేయడం పని కాదా? వాటికి రాని పేరు ఈ బెజ్జానికే ఎందుకొచ్చినట్టు?

నా ఓటు పోర్చుగీసు 'కాసా'కే. కాసా అంటే వాళ్లకు ఇల్లు. గుండీ దూరే బెజ్జాన్నీ అదే మాటతో పిలుస్తారు, అంటే గుండీ ఇల్లన్నమాట. రాతలో 'స' ఉన్నా, రెండు అచ్చుల నడుమ పడింది కాబట్టి వాళ్ల నోట అది తేనెటీగ రొదలా మోగుతుంది. 'బజార్', 'జమీన్'లలో పారసీ వాళ్లు పలికేదీ ఆ శబ్దమే, దాన్ని మనం 'జ' చేసుకున్నాం. ఇక్కడా అదే జరిగింది. హిందీలో ఈ కాజా కూడా 'కాజ్' అయి, పని అనే పాత 'కాజ్'తో కలిసిపోయింది. మేస్త్రి పొరబడింది అక్కడే.

పైగా ఇది ఒంటరిగా రాలేదు. 1510లో గోవా పోర్చుగీసు వాళ్ల చేతికి పోయాక పడమటి తీరం నుంచి చాలా మాటలు లోపలికి నడిచొచ్చాయి. బొత్తాం వాళ్లదే, అలమర వాళ్లదే. చివరికి 'మేస్త్రి' కూడా వాళ్ల 'మెస్త్రె'నే.

ఇది చెబితే మా మేస్త్రి కత్తెర పక్కన పెట్టి, "అయితే నేనూ గోవా నుంచే వచ్చినానా సార్?" అన్నాడు.