బాపుతో కురిక్యాల దాకా: మూడు రోజులు, మూడు మతాల జాడలు

మా బాపు, అంటే నాన్న, ముప్పై ఏండ్లు బడిలో తెలుగు చెప్పాడు. నన్నయ కంటే ముందే బండ మీద చెక్కిన కంద పద్యాలు కరీంనగర్ పక్కన కురిక్యాలలో ఉన్నాయని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవాడు. తను మాత్రం ఒక్కసారీ చూడలేదు. హనుమకొండ నుంచి పెద్ద దూరమేం కాదు, కానీ ఎప్పుడూ ఏదో ఒక పని అడ్డం పడేది. ఈ సంక్రాంతి సెలవుల్లో నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. పోయే దారిలో జైన, బౌద్ధ, శైవ చోట్లు కలిసొచ్చేటట్టు మూడు రోజులకు సర్దుకున్నాం. బాపుకు 74 ఏండ్లు, మోకాళ్ల నొప్పులు. మెట్లు, బాత్రూం, వేళకు తిండి, మా కళ్లు ముందు వీటి మీదే ఉండేవి. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు పనికొస్తుందని అవి కూడా రాస్తున్నాను.

మొదటి రోజు మా ఊళ్లోనే. వేయి స్తంభాల గుడి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ. పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు, పొద్దున్నే పోతే ప్రశాంతంగా ఉంటుంది. అక్కడి నుంచి పద్మాక్షి గుట్టకు పోయాం. సద్దుల బతుకమ్మ నాడు మేమంతా ఆడేది ఈ గుట్ట కిందే. కాకతీయ రెండో ప్రోలరాజు కాలంలో, 1117లో, మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసది, అంటే జైన గుడి, కట్టించిందని శాసనం చెబుతుంది. అమ్మవారికి దండం పెట్టుకుని పక్కనున్న బండ మీద చెక్కిన తీర్థంకరులను, అంటే జైన గురువులను, చూడకుండా దిగిపోయేవాళ్లే ఎక్కువ. చిన్నప్పుడు నేనూ అంతే. మెట్లు మాత్రం బాపుకు కష్టమయ్యాయి. రెండు చోట్ల కూర్చుని ఎక్కాం. దాంతో ఊళ్లోనే ఉన్న ఇంకో జైన చోటు, అగ్గలయ్య గుట్ట, మరో రోజుకు వాయిదా వేసుకున్నాం.

రెండో రోజు పొద్దున బస్సులో కరీంనగర్ చేరాం. రెండు గంటలు పట్టింది. ఉండడానికి కరీంనగరే మేలు. అక్కడి నుంచి అన్నిటికీ ఒక్కరోజులో పోయి రావచ్చు. మేం మొదట దిగిన లాడ్జిలో మాత్రం తప్పు చేశాం. ఫోన్‌లో గ్రౌండ్ ఫ్లోర్ గది ఇస్తామన్నారు, తీరా పోతే రెండో అంతస్తు, లిఫ్ట్ పనిచేయదు. అడిగితే "అడ్జస్ట్ చేసుకోండి మేడమ్" అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు. అడ్వాన్స్ సగం వదులుకుని ఇంకో చోటికి మారాం. రూ.1,400కు కింది గది, వేడి నీళ్లు, శుభ్రమైన దుప్పట్లు దొరికాయి. ముందే డబ్బు కట్టకండి, గది చూశాకే కట్టండి.

కరీంనగర్‌లోని పురావస్తు మ్యూజియం ముందు చూసి, తర్వాత ఊళ్లకు పోవాలి. ఇది నా గట్టి సలహా. ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల తవ్వకాల్లో ఏం దొరికాయో తెలియకుండా అక్కడికి పోతే దిబ్బలు, ఇటుకలు తప్ప ఏమీ కనబడవు.

ధూళికట్టకు కారు మాట్లాడుకున్నాం, రోజంతా తిరగడానికి రూ.2,800. డ్రైవర్ మంచివాడే, కానీ ఆ పేరే వినలేదట. వేరే ఊరికి తీసుకుపోయాడు, గంట పోయింది. చివరికి పత్తి చేలో ఉన్న ఒక అక్క దారి చూపించింది. హుస్సేన్‌మియా వాగు ఒడ్డున శాతవాహనుల నాటి పట్టణం ఇది. చుట్టూ మట్టి కోట ఉండేది. బౌద్ధ స్తూపానికి వేసిన సున్నపురాయి పలకల మీద ఐదు పడగల ముచిలింద నాగు చెక్కడం ఈ చోటికి పేరు తెచ్చింది. జ్ఞానం పొందాక బుద్ధుడు ధ్యానంలో ఉంటే ఏడు రోజులు వాన కురిసిందని, నాగరాజు ముచిలిందుడు పడగ పట్టి కాపాడాడని కథ. బాపు స్తూపం పక్కన కూర్చుని ఆ కథ డ్రైవర్‌కు చెప్పాడు. తెలంగాణలో పుట్టినవాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన చోటు, కానీ నీడ లేదు, నీళ్లు లేవు, బాత్రూం అసలే లేదు. ఎండ ముదరకముందే పోయి రావాలి. నీళ్లు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.

గంట వృథా కావడంతో కోటిలింగాల సాయంత్రం పూట చూశాం. శాతవాహన వంశం మొదలుపెట్టిన సిముకుడి నాణేలు దొరికిన చోటు. గోదావరి ఒడ్డున కోటేశ్వర స్వామి గుడి దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లు ఆ పాత ఊరి నేలను కొంత ముంచేశాయి. నీళ్లు కావాలి, కాదనను. కానీ మన మొదటి రాజుల నేల నీళ్ల కింద ఉందని తెలిసి చూస్తుంటే బాధగా ఉంది.

మూడో రోజు కురిక్యాల. జగిత్యాల రోడ్డు మీద గంగాధర మండలంలో ఉంది బొమ్మలమ్మ గుట్ట. చివర్న బండల మీద ఎక్కాలి, కర్ర ఉంటే మంచిది. మేం చేరేసరికి పన్నెండు. నడుమ జైన దేవత చక్రేశ్వరి, ఆమె దగ్గర తీర్థంకరులు బాగానే కనబడ్డారు. ఊళ్లోవాళ్లు పూసిన పసుపు, కుంకుమ ఎండలో మెరుస్తున్నాయి. శాసనం మాత్రం కనబడలేదు. నడినెత్తి ఎండలో బండంతా ఒకటే తెలుపు. బాపు చేత్తో తడిమి చూసి ఏమీ అనకుండా కిందికి దిగాడు. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

అక్కడి నుంచి వేములవాడ పోయాం. రాజన్న దర్శనానికి జనం బాగా ఉన్నారు, కోడె మొక్కుల వాళ్లు వేరే. భోజనానికీ, గదులకూ, బాత్రూంలకూ ఈ మూడు రోజుల్లో ఇంత సౌకర్యం ఇంకెక్కడా లేదు. గుడి ఆవరణలోనే దర్గా కూడా ఉంది. ఒకప్పుడు ఇది వేములవాడ చాళుక్యుల రాజధాని, లేంబులవాటక. కన్నడ ఆదికవి పంపడు రెండో అరికేసరి కొలువులో ఉండేవాడు. ఆ పంపడి తమ్ముడు జినవల్లభుడే కురిక్యాల శాసనం వేయించింది.

తిరుగు దారిలో నేనే కారు మళ్లీ అటు తిప్పించాను. డ్రైవర్ గొణగలేదు, పైగా బాపు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. నాలుగున్నర దాటింది. ఎండ పక్కవాటుగా పడుతుంటే, మధ్యాహ్నం ఒట్టి రాయిగా ఉన్న చోట గీతలు లేచాయి, గీతలు అక్షరాలయ్యాయి. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల శాసనం అది. పదో శతాబ్దం లిపి కాబట్టి మనం గడగడా చదవలేం. బాపు ఇంటి నుంచి తెచ్చుకున్న కాగితంలో పాఠం చూసుకుంటూ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టాడు. "జిన" దొరికింది. ఇంకో పాదంలో మళ్లీ "జిన".

"చూడు బిడ్డా, రెండో అక్షరం న. ప్రాస తప్పలే" అని వేళ్లు మడుస్తూ గణాలు లెక్కపెట్టాడు. నలం, సగణం, భగణం అంటూ బళ్లో చెప్పినట్టే పైకే చెప్పాడు. జినాలయాలు కట్టించడంలో, మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభుడి సాటి ఎవరున్నారని ఆ పద్యం అడుగుతుంది. డ్రైవర్ ఫోన్ లైటు పక్క నుంచి పట్టుకుని నిలబడ్డాడు. అలా వెలుతురు పడితే అక్షరాలు ఇంకా తేటగా కనబడ్డాయి. మీరు పోతే టార్చి తీసుకుపోండి. శాసనం మీద సుద్ద మాత్రం పూయకండి.

మూడు పద్యాలూ అయ్యేదాకా బాపు లేవలేదు. మేం దిగేసరికి చీకటి పడింది. కరీంనగర్‌లో హనుమకొండ బస్సు దొరికేసరికి ఎనిమిదైంది. సీట్లో కూర్చున్నాక కూడా బాపు వేళ్లు మడుస్తూనే ఉన్నాడు.