ఆనందపురం దాటాక ఉన్న కుక్కల షెల్టర్: వెళ్ళే ముందు ఇది చదవండి

ఈ షెల్టర్‌కి ఒక్క స్టార్ ఇచ్చి వెళ్ళినవాళ్ళందరూ దాదాపు ఒకే మాట రాశారు. కుక్కపిల్లని అంత దూరం పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు, ఖాళీ లేదన్నారు, పైగా మమ్మల్నే ఎదురు ప్రశ్నలు వేశారు అని. నిజమే, ఆపుతారు, ప్రశ్నలూ వేస్తారు. నన్ను అడిగినవాళ్ళందరికీ ఈ షెల్టర్ పేరే చెప్పడానికి అసలు కారణం కూడా అదే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు చోటు గురించి. విశాఖపట్నం దగ్గరి ఆనందపురం జంక్షన్ నుంచి పద్మనాభం వైపు వెళ్తూ మెయిన్ రోడ్డు దిగి, జీడి తోటల మధ్య మట్టి రోడ్డు మీద కొంత దూరం పోవాలి. రెండు రేకుల షెడ్లు, చుట్టూ మెష్, ఒక బోరు. నడిపేది ఒక అక్క, ఆవిడ తమ్ముడు, పక్క ఊరి నుంచి పొద్దున్నే వచ్చే ఇద్దరు ఆడవాళ్ళు, అంతే. డాక్టర్ గారు సిటీ నుంచి వారానికి రెండుసార్లు వస్తారు. ఎక్స్‌రే లేదు, స్కానింగ్ లేదు, ఆపరేషన్ కావాలంటే కుక్కనే సిటీకి తీసుకెళ్ళాలి. హైవే మీద లారీ గుద్ది నడుం విరిగిన కుక్కని తెస్తున్నామని ఫోన్ చేస్తే అక్క మొదట చెప్పేది, ఇక్కడికొచ్చి టైం పోగొట్టుకోవద్దు, నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి అని. ఆవుకో మేకకో బాగోలేదంటే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయమని చెప్తారు. తమ వల్ల కానిది కాదని మొహం మీదే చెప్పేస్తారు.

ఇక గేటు సంగతి. లోపలికి అడుగుపెట్టే చోట ఒక వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో బ్లీచింగ్ కలిపిన నీళ్ళు ఉంటాయి, చెప్పులతో అందులో నిలబడాలి. ఎవరైనా సరే. పార్వో అని కుక్కలకి వచ్చే వైరస్ జబ్బు ఉంది, ఇదంతా దాని భయం. టీకా పడని కుక్కపిల్లలకి పార్వో వస్తే వాంతులు, రక్తవిరేచనాలు, రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ కావాలి. పైకి హుషారుగా కనిపించే పిల్లలో కూడా అది ఉండొచ్చు, లక్షణాలు బయటపడటానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అందుకని కొత్తగా వచ్చిన ప్రతి పిల్లనీ 14 రోజులు విడి గదిలో ఉంచుతారు. ఆ గదులు నాలుగే. నాలుగూ నిండితే ఐదో పిల్లని తీసుకోరు, ఎవరు ఎంత ఏడ్చినా తీసుకోరు. జాలిపడి ఆ ఒక్కదాన్నీ పెద్ద షెడ్డులో వదిలితే అక్కడున్న పిల్లలన్నీ పోవచ్చు. కోపంతో వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళకి ఆ నిమిషంలో ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేరు, వాళ్ళ బాధ కూడా నాకు అర్థమవుతుంది. అయినా ఖాళీ లేకపోయినా తీసేసుకునే షెల్టర్ కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

నా అనుభవం చెప్తాను. వానల్లో, జంక్షన్ దగ్గర టీ కొట్టు పక్కన ఉండే ఆడకుక్కకి చెవి వెనకాల గాయమై పురుగులు పట్టాయి. పది అడుగుల దూరానికే వాసన. ఫోన్ చేస్తే ఆ తమ్ముడు, అన్నా, కిరోసిన్ గానీ ఫినాయిల్ గానీ పొయ్యకండి, పాత గుడ్డ కప్పి నెమ్మదిగా తీసుకురండి అన్నాడు. తీరా వెళ్ళాక అక్క గేటు తియ్యలేదు. “బాబూ, నేను పురుగులు తీస్తాను, మందు వేస్తాను, మానేదాకా ఉంచుకుంటాను. ఆ తర్వాత ఇది ఎక్కడికి పోవాలో ఇప్పుడే చెప్పు” అంది. టీ కొట్టాయన పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది, అది నా కొట్టు దగ్గరే పుట్టింది, నేనే చూసుకుంటానమ్మా అన్నాడు. అప్పుడు తీసింది.

తర్వాత చేసిన పని చూడాలి. కరవకుండా గాజుగుడ్డ పట్టీతో మూతి కట్టి, గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, స్ప్రే కొట్టి కాసేపు ఆగారు. ఊపిరాడక పురుగులు పైకి వస్తుంటే, ఒకరు టార్చి పట్టుకుంటే ఒకరు ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేశారు. పైకి అంతా శుభ్రంగా కనబడ్డాక కూడా అక్క సెలైన్‌తో కడిగి, చర్మం కింద ఇంకో సందు ఉందేమోనని వేలితో తడిమి చూసింది, నిజంగానే ఉంది, అందులో ఇంకొన్ని. మర్నాడు మళ్ళీ ఇదే పని, ఎందుకంటే ఈగ పెట్టిన గుడ్లు ఒక్క రోజులోనే పురుగులవుతాయి. ఇంత చేస్తున్నా ఆ కుక్క తల మీద ఆవిడ ఎడమ చెయ్యి తియ్యలేదు. గాయం మానాక సిటీలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, గుర్తుకి చెవి కొస కత్తిరించి మళ్ళీ ఆ టీ కొట్టు దగ్గరే వదిలారు. వీధి కుక్కని ఎక్కడ పట్టుకుంటే అక్కడే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లో కూడా ఉంది. షెల్టర్‌లోనే ఉంచేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళు ఇది గమనించాలి.

చుట్టుపక్కల ఊళ్ళలో వీళ్ళు చేసే పని గురించి ఎవరూ రాయలేదు. జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజు) నాడు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు కదా, దానికి ముందు వీళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెప్పొస్తారు, తాడు లేనివాళ్ళకి తాడు ఇస్తారు. కుక్క కరిస్తే కారమో సున్నమో పెట్టి ఊరుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టాలని, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక మందు లేదని ఆ ఆడవాళ్ళు తమ యాసలో చెప్తుంటే జనం వింటున్నారు. ఊళ్ళో పిల్లల ప్రాణాలకి సంబంధించిన పని ఇది.

లోపాలు కూడా చెప్పాలి. పొద్దున పదకొండు లోపు ఫోన్ ఎత్తరు, కడగడాలు, వంట, మందులు అన్నీ అప్పుడే. బోర్డు లేదు. డబ్బు పంపితే రసీదు కోసం రెండుసార్లు అడగాల్సి వస్తుంది, ఇది మార్చుకోవాలి, అడగలేక ఊరుకునే దాతలు మళ్ళీ పంపరు. పిల్లుల గది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. కుక్కల షెడ్డుకి ఆనుకుని ఉంది, ఆ అరుపులకి పిల్లులు మూలకి నక్కి తిండి ముట్టవు. అక్కకీ తెలుసు, వేరే గది కట్టడానికి డబ్బు లేదు. ఎవరైనా ఒక పెద్ద మొత్తం ఇవ్వాలనుకుంటే దానికే ఇవ్వండి.

చిన్నగా ఇవ్వాలనుకునేవాళ్ళు దయచేసి బిస్కెట్ ప్యాకెట్లు తీసుకెళ్ళకండి. ఫొటోకి బాగుంటాయి గానీ గజ్జి పట్టి బక్కచిక్కిన కుక్కకి వాటివల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్ళు రోజూ వండేది నూకలు, చోడి (రాగి) పిండి, చికెన్ కొట్టు నుంచి తెచ్చిన తలలు, కాళ్ళు. నూకల బస్తా ఒకటి దింపితే చాలా సంతోషిస్తారు. బ్లీచింగ్ పౌడరు, గ్లౌజులు, పాత నూలు చీరలు, పాత పేపర్లు ఎప్పుడూ కావాలి. డాక్టర్ గారిని అడిగి ఆ నెల ఏ టీకాలు తక్కువపడ్డాయో కనుక్కుని వాటికి డబ్బు కట్టొచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ అవసరం బండి. గాయమైన కుక్క అంటే ఆటోవాళ్ళు ఎక్కించుకోరు, ఆపరేషన్ తేదీ దొరికినా తీసుకెళ్ళే మనిషి లేక వాయిదా పడుతుంది. మీకు కారుండి, పనిమీద ఆనందపురం నుంచి సిటీలో మద్దిలపాలెం వైపు ఖాళీగా వస్తుంటే ముందు రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి అడగండి. సీటు మీద పరుచుకోవడానికి ప్లాస్టిక్ షీటు వాళ్ళే ఇస్తారు, తమ్ముడు వెనక సీట్లో కుక్క పక్కనే కూర్చుంటాడు. వానాకాలంలో మాత్రం చిన్న కారు మెయిన్ రోడ్డు మీదే ఆపుకోండి, ఆ మట్టి రోడ్డులో దిగబడుతుంది, వాళ్ళే కుక్కని అక్కడిదాకా తెస్తారు.