ఎల్‌సీడీ ల్యాబ్ కిట్ కొనేవాళ్లు జాగ్రత్త

డిగ్రీ ఫిజిక్స్ ల్యాబ్‌లకు సామాన్లు కొనేవాళ్లందరికీ చెబుతున్నా. విజయవాడ ఏలూరు రోడ్డులో మనవాళ్లంతా వెళ్లే ఆ షాపులో ఎల్‌సీడీ (కాలిక్యులేటర్లలో ఉండే ద్రవ స్ఫటిక తెర) ప్రయోగం కిట్ మాత్రం కొనకండి. ఏ షాపో మీకు తెలుసు. కాంతి ప్రసారం, పరావర్తనం రెండింటికీ రీడింగులు తీయొచ్చని కొటేషన్‌లో రాసిచ్చి, డబ్బంతా ముందే కట్టించుకున్నాడు.

గుంటూరు తెచ్చి బిగించాం. సెల్ (రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికం నింపిన చిన్న తెర) మీద లేజర్ వేస్తే, అవతల వెలుగు కొలిచే డిటెక్టర్‌లో సున్నా. వోల్టేజ్ పెంచుకుంటూ పోయినా అదే సున్నా. ట్విస్టెడ్ నెమాటిక్ అనే ఈ రకం సెల్‌లో వోల్టేజ్ లేనప్పుడు ద్రవ స్ఫటికం అణువుల వరుస 90 డిగ్రీలు మెలి తిరిగి ఉంటుంది. అందుకే ఒకదానికొకటి లంబంగా పెట్టిన పోలరైజర్లను (ఒకే దిశలో కంపించే కాంతినే వదిలే పొరలు) కూడా కాంతి దాటిపోతుంది. వోల్టేజ్ ఒక స్థాయి దాటాక ఆ మెలిక విడిపోయి వెలుగు పడిపోతుంది. పిల్లలచేత ఆ గ్రాఫ్ గీయించడానికే కదా ఈ ప్రయోగం! సెల్ తిప్పి చూస్తే వెనక పోలరైజర్ మీద బూడిదరంగు రిఫ్లెక్టర్ పొర అంటించి ఉంది, కాలిక్యులేటర్‌లో ఉండేలాంటిదే. ఇక కాంతి అవతలికి ఎలా వెళ్తుంది? కిట్‌లో ఇచ్చిన రెండో సెల్‌కీ అదే పొర. పోనీ పరావర్తనమైనా చూద్దామంటే, డిటెక్టర్‌ను లేజర్ వైపు తెచ్చి కోణంలో పెట్టడానికి స్టాండే ఇవ్వలేదు.

తిరిగి షాపుకి తీసుకెళ్తే షాపతను డబ్బా మూత కూడా తీయలేదు. ఫోన్ చూసుకుంటూనే, "డిగ్రీ పిల్లలే కదా మేడమ్, రీడింగులు మీరే ఏవో వేయించేయండి. అన్ని కాలేజీల్లో అంతే" అన్నాడు. కౌంటర్ దగ్గర కుర్రాడు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలచేత దొంగ రీడింగులు రాయించమని టీచర్ మొహం మీదే చెబుతాడా? ఫీజు కట్టి చదువుకుంటున్న పిల్లలు వాళ్లు. వోల్టేజ్ తిప్పుతుంటే వెలుగు తగ్గడం కళ్లారా చూడాల్సిన పిల్లలు. డబ్బు వాపసు ఇమ్మంటే, బిల్లు అయ్యాక తనకు సంబంధం లేదన్నాడు.

ఇంకోటి, సెల్‌కి వచ్చే సప్లై మల్టీమీటర్‌తో చూస్తే డీసీ! ఈ సెల్స్‌కి ఏసీ ఇవ్వాలి. డీసీ అలాగే ఇస్తూ పోతే లోపలి ద్రవం చెడిపోతుంది. సెల్ మార్చి ఇచ్చినా ఎక్కువ కాలం ఉండేది కాదన్నమాట.

కొనేటప్పుడు షాపులోనే సెల్ వెనక ఫోన్ టార్చ్ వేసి చూడండి, వెలుగు ఇవతలికి రావాలి. బిల్లులో ఊరికే 'కిట్' అని కాకుండా సెల్ రకం రాయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, నేను ఇస్తున్నా. అక్కడే కొని మోసపోయినవాళ్లుంటే బిల్లు, కొటేషన్ ఫోటోలు పంపండి.