కొత్తపట్నంలో సీ వ్యూ గది, పంటి కింద ఇసుక

మే నెల రెండో శనివారం మా ఆవిడ, బాబు, అత్తయ్యతో కలిసి ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్‌కి వెళ్లాను. ఆటోకి రూ. 450. దారి బాగుంది, స్నానాలు బాగా జరిగాయి. రాయాల్సింది గది గురించే.

సీ వ్యూ అని రూ. 3,200 తీసుకున్నారు. కిటికీ తీస్తే సముద్రమే, మధ్యలో ఒక్క మొక్క లేదు. అక్కడున్న ఇసుక దిబ్బని చదును చేసి నాలుగు చక్రాల బైకులు తిప్పుతున్నారు, రౌండుకి రూ. 200. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందో లేదో ఇసుకంతా గదిలోకొచ్చింది. దుప్పట్ల మీద ఇసుక, బాబు తలలో ఇసుక. రాత్రి రూ. 280 పెట్టి తెప్పించిన చేపల వేపుడు పంటి కింద కరకరమంది. మా ఆవిడ ప్లేటు పక్కకి నెట్టేసింది, తెల్లారేదాకా నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఉత్తరం వైపు అరగంట నడిచాం. బైకుల జాడ ఆగిన చోటే పచ్చదనం మొదలైంది. ముందు బాలబంద తీగ, మేక గిట్టల్లాంటి ఆకులు, ఊదా పూలు. వెనక రావణాసురుడి మీసాలు అనే గడ్డి. వాటి ముళ్ల బంతి ఒకటి గాలికి దొర్లుతుంటే బాబు వెంటపడ్డాడు. అత్తయ్య పుట్టిల్లు ఈ తీరంలోనే. తీగ కొంచెం ఎత్తి చూపించింది, కణుపు కణుపుకీ వేరు దిగి ఉంది. మీద ఇసుక పడేకొద్దీ ఈ మొక్కలు పైకి పెరిగి దాన్ని పట్టి ఉంచుతాయి. తొక్కిడికి మాత్రం ఆగలేవు. చక్రం కింద లేత కొస తెగుతుంది. అదే దారిన మళ్లీ మళ్లీ తిరిగితే ఇసుక బయటపడి, గాలి అక్కడ తవ్వడం మొదలుపెడుతుంది. ఆ గాడి పెద్దదై పక్క మొక్కల వేళ్లు కూడా బయటికొచ్చేస్తాయి.

ఆ మొక్కలున్న దిబ్బ చాటున పాక హోటల్లో చేపల పులుసు భోజనం రూ. 130. గాలి నిన్నటిలాగే వీస్తోంది, అన్నంలో ఒక్క ఇసుక రేణువు లేదు. మా ఆవిడ మారు వడ్డించుకుంది.

వెళ్లేవాళ్లు గదికీ సముద్రానికీ మధ్య పచ్చటి దిబ్బ ఉన్నచోటే దిగండి. పిల్లలు ఎంత అడిగినా ఆ బైకులు ఎక్కించొద్దు. నీళ్లలోకి జాలర్లు నడిచే బాటలోనే వెళ్లండి, కొత్త దారి తొక్కొద్దు.

గది ఖాళీ చేస్తుంటే బిల్లులో ఇసుక ఊడ్చినందుకు రూ. 200 వేశారు. నాకు ఒళ్లు మండింది. తీర ప్రాంతాల్ని కాపాడే 2019 సీఆర్‌జడ్ నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బలు మడ అడవులతో పాటు 1ఏ కింద, అంటే ఎక్కువ రక్షణ ఉన్న వర్గంలో ఉన్నాయని మేనేజరుకి గట్టిగానే చెప్పాను. "అవి పిచ్చి మొక్కలు సార్, వ్యూకి అడ్డం" అన్నాడు. రూ. 200 మాత్రం బిల్లులోంచి తీసేశాడు.