జిర్కోనియా క్యాప్, ఐదేళ్ల తర్వాత: గ్లేజ్ పోతే ఏమవుతుందో చూశాను

కింది దవడ పెద్ద పన్నుకి రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ వేయించుకుని ఐదేళ్లు కావస్తోంది. నిజానికి ఇప్పుడున్నది రెండోది. మొదటిది (లోపల జిర్కోనియా అనే గట్టి సెరామిక్, పైన పోర్సిలిన్ అంటే పింగాణీ పొర) పదిహేను నెలలే నిలిచింది, నా బాధంతా దాని గురించే.

ధర, రంగు, ఎన్ని సిట్టింగులు అనేవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. నేను చెప్పేది పైన ఉండే గ్లేజ్ గురించి. అది మెరుపు కోసమే అనుకునేదాన్ని. ల్యాబులో చివర్లో సన్నటి గాజు పొర పూసి కొలిమిలో కాలుస్తారు, అది కరిగి పోర్సిలిన్ మీద కంటికి కనపడని గీతల్ని, గుంటల్ని పూడ్చేస్తుంది. పింగాణీలో పగులు మొదలయ్యేది అలాంటి గీతల దగ్గరే కాబట్టి వెంట్రుక మందం పొర కూడా కొంత బలమే.

క్యాప్ అతికించిన రోజు కొరికితే ఆ పక్క ఎత్తుగా తగిలింది. నీలం కాగితం పెట్టి కొరికించి, మరక పడ్డ చోట డ్రిల్‌తో అరగదీశారు, దాంతోపాటే అక్కడి గ్లేజ్ కూడా పోయింది. రెండు నిమిషాల పని. పాలిష్ మాత్రం చేయలేదు. నాలుకకి గరుగ్గా ఉందంటే అలవాటైపోతుందన్నారు, అయిపోయింది కూడా. అప్పట్లో దీనికి తిరుగులేదని మా పిన్నికి కూడా చెప్పి వేయించాను.

సంక్రాంతికి సకినం కొరికితే టక్‌మంది. పిండిలో రాయి అనుకుని ఉమ్మేస్తే, బియ్యపు గింజలో సగమంత తెల్లటి పెంకు! నరం తీసేసిన పన్ను కాబట్టి నొప్పి లేదు, కానీ ఆ అంచు నాలుకని కోసి వారం పాటు అన్నం సరిగ్గా తిననివ్వలేదు. ఇంకో డాక్టర్ ఫొటో తీసి పెద్దది చేసి చూపించారు, లోపలి జిర్కోనియాకి ఏమీ కాలేదు, పైన వేసిన పోర్సిలిన్ పొరే లేచిపోయింది. లోపలిది 900 మెగాపాస్కల్స్ (విరగకుండా ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే కొలత) దాటి తట్టుకుంటే పైది 100 దగ్గరే ఆగుతుందట. ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పగులు ఎక్కడ మొదలైందో ఒట్టేసి చెప్పలేను గానీ, లేచింది సరిగ్గా అరగదీసిన చోటే.

రెండోది పైపొర లేకుండా మొత్తం జిర్కోనియాతోనే చేయించాను. ఈసారి కూడా కొంచెం అరగదీయాల్సి వచ్చింది, కానీ రబ్బరు పాయింట్లతో మూడు దశల్లో, నాలుకకి జారిపోయేంతవరకు పాలిష్ చేశారు. పళ్ళు తగిలే చోట గ్లేజ్ ఎలాగూ అరిగిపోతుంది, కింద గరుగ్గా ఉంటే పై పన్ను ఎనామిల్‌ని ఆకురాయిలా తినేస్తుందని అప్పుడే తెలిసింది. పోర్సిలిన్ మీద జిర్కోనియా పూతని మైక్రాన్ల మందంలో వేసి బలం పెంచే ప్రయోగాలున్నాయని చదివి అడిగాను, మా డాక్టర్ దగ్గర అలాంటిది దొరకదన్నారు.

ఇది మూడున్నరేళ్లుగా బాగుంది. రంగు మాత్రం పాతదే నిజం పన్నులా ఉండేది, ఇది కాస్త సుద్దలా కనిపిస్తుంది. వెనక పన్ను కాబట్టి నాకు పర్లేదు, ముందు పన్నుకైతే ఇదే వేయించుకుంటానో లేదో. పైగా నాకు నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంది, మొదటిది అందుకే పోయిందేమో కూడా. పిన్నిది పైపొర ఉన్నదే, ఆవిడకి ఇంతవరకు ఏమీ కాలేదు.