ఫూబార్ ఏబీఎక్స్: 16కి 12 వస్తే ఏమన్నట్టు?

ఎంపీ3కీ (సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత వదిలేసే ఫైలు) ఫ్లాక్‌కీ (ఏదీ వదలని ఫైలు) తేడా వినిపిస్తుందా లేదా అన్న పంచాయితీ తేల్చుకోవడానికి, పాటలు వినే ఫూబార్ 2000 అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో వేసుకునే ఉచిత కంపారేటర్ ఈ ఏబీఎక్స్. ఏ, బీ అనే రెండు ఫైళ్లలో ఒకదాన్ని ఎక్స్ పేరుతో దాచి వినిపిస్తుంది, అది ఏనో బీనో మీరు చెప్పాలి. చాలాకాలంగా వాడుతున్నాను, నమ్మకంగా పనిచేస్తుంది. చిక్కంతా చివర్లో వచ్చే శాతాన్ని అర్థం చేసుకోవడంలోనే.

16 సార్లకు 12 సరిగ్గా చెబితే 3.8 శాతం చూపిస్తుంది. అంటే తేడా వినిపించిందనడానికి 96 శాతం గ్యారంటీ అనుకుంటారు చాలామంది. కాదు. ఏమీ వినిపించని మనిషి ఊరికే నొక్కుకుంటూ పోయినా 12 గానీ అంతకు మించి గానీ రావడానికి ఉన్న అవకాశం అది. 11 వస్తే అదే 10.5 శాతమవుతుంది. ఒంగోల్లో పదిమంది స్నేహితులు తలా ఒకసారి కూర్చుంటే, అందరూ గుడ్డిగా నొక్కినా ఒక్కరికైనా 12 గానీ ఎక్కువ గానీ వచ్చే అవకాశం 32 శాతం. ఆ ఒక్కరి స్క్రీన్‌షాట్ చూసి మురిసిపోకుండా, ఆయన్నే ఇంకోరోజు మళ్లీ కూర్చోబెట్టండి.

పదిలో ఏడుసార్లు సరిగ్గా చెప్పగల మంచి చెవికి కూడా 16లో 12 గానీ ఎక్కువ గానీ వచ్చే అవకాశం 45 శాతమే. అందుకే 10 వచ్చింది కాబట్టి రెండూ ఒకటే అని తీర్పు చెప్పకూడదు. ఎన్నిసార్లు చేయాలో ముందే అనుకుని, స్కోరు కనపడకుండా పెట్టుకోండి. చూసుకుంటూ, బాగున్నచోట ఆపేస్తే ఆ శాతానికి విలువే లేదు.

ఫైళ్ల దగ్గర జాగ్రత్త. ఎంపీ3ని అదే ఫ్లాక్ నుంచి మీరే తయారు చేసుకోవాలి. బయట దొరికింది వేరే మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దాన్ని తుదిగా సరిచేయడం) అయి ఉండొచ్చు. రెండు ఫైళ్ల సౌండ్‌నీ సమానం చేసే రీప్లేగెయిన్‌కు టిక్ పెట్టండి, లేకపోతే కొంచెం సౌండ్ ఎక్కువున్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఎంపీ3 మొదట్లో ఎన్‌కోడర్ (ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రామ్) చేర్చే చిన్న ఖాళీ అలాగే మిగిలిపోతే, ఏ నుంచి బీకి మారినప్పుడు పాట తడబడుతుంది. అప్పుడు 16కి 16 వచ్చినా మీరు పట్టుకున్నది ఆ తడబాటునే.

మా నెల్లూరులో టెస్ట్ అంటే ముందు బాలు గారి పాటే పెడతారు. గొంతు కంటే తాళాలు, చప్పట్లు, కంజీర దెబ్బలు పెట్టండి. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3లో దెబ్బకు ముందే సన్నటి బుస వినిపించేది అక్కడే. రెండు మూడు సెకన్ల ముక్క చాలు. ఎండాకాలం ఫ్యాన్ ఆపి కూర్చోలేం, ఆ హోరులో బుస కలిసిపోతుంది. చెవులు మూసే హెడ్‌ఫోన్స్‌తో తెల్లవారుజామున చేయడం మేలు. నాలుగైదు జవాబులకోసారి చెవులకు విశ్రాంతివ్వండి.

ఏది బాగుందో మాత్రం ఇది చెప్పదు. తేడా పట్టారా లేదా, అంతవరకే.