మోయాబ్‌లో నాలుగు రోజులు: ఎర్రరాళ్ళు, జీపులు, ఒక డొంక తగాదా

సాల్ట్‌లేక్ సిటీ నుంచి మోయాబ్ కారులో నాలుగు గంటలు. యూటాకి వచ్చిన ఏడేళ్ళలో మేం వెళ్ళడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ రాతి తోరణాలుండే ఆర్చెస్ జాతీయ పార్కు చూసి, ఫొటోలు దిగి వచ్చేశాం. 2024 అక్టోబరులో మాత్రం బండి నిండిపోయింది. మేం ముగ్గురం, నరసరావుపేట నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య, డాలస్ నుంచి విమానం ఎక్కి దిగిన బావమరిది. వాడికి జీపుల పిచ్చి. మామయ్యేమో సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. గొలుసు లాగడం మానేసి పదేళ్ళైనా, ఎక్కడ ఖాళీ నేల కనబడినా "ఇది ఎవరిది?" అని అడక్కుండా ఉండలేరు. వీళ్ళిద్దర్నీ ఒకే కారులో ఎక్కించుకోవడంతో మా ట్రిప్పు అనుకున్న దారిలో పోలేదు.

ముందు బస సంగతి. మెయిన్ స్ట్రీట్ మీద ఓ మోటెల్లో మూడు రాత్రులకు రెండు గదులు తీసుకున్నాం. గదికి రాత్రికి 210 డాలర్లు. అక్టోబరు అక్కడ సీజన్, అంతకంటే తక్కువకి మాకు దొరకలేదు. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేణ్ణీళ్ళు వచ్చాయి, ఫ్రిజ్‌లో మా పెరుగు డబ్బా పట్టింది. కుక్కర్ పెడితే ఎవరూ ఏమీ అనలేదు. అత్తయ్య కలిపిన పులిహోరతో రెండు మధ్యాహ్నాలు గడిచిపోయాయి. ఇబ్బందల్లా చప్పుడుతోనే. అక్కడ మెయిన్ స్ట్రీట్ అంటే 191 నంబరు హైవేనే, రాత్రంతా లారీలు ఊరి మధ్యలోంచే పోతాయి. అవి ఆగాయనుకుంటే పొద్దున ఆరున్నరకి పార్కింగ్‌లో యూటీవీలు మొదలయ్యాయి. మీరు చూసి ఉండకపోతే, ఇనప కడ్డీల పంజరం, లావుపాటి టైర్లు, తలుపులు ఉన్నాయా లేవా అన్నట్టుండే బండి. యూటాలో వాటికి అద్దాలూ ఇండికేటర్లూ బిగించి రిజిస్టర్ చేయించుకుంటే మామూలు రోడ్డు మీద కూడా నడుపుకోవచ్చు. అందుకని ట్రెయిలర్ మీంచి దింపి, ఊళ్ళోంచే కొండల్లోకి పోతారు. ఆ గోల భరించలేకే 2021లో అటు పట్టణమూ ఇటు కౌంటీ (మన జిల్లా లాంటిది) శబ్దం మీద నిబంధనలు తెచ్చాయి. ఊరి జనాభా చూస్తే ఐదు వేల పైచిలుకు. ఒక్క ఆర్చెస్‌కే ఆ ఏడాది 18 లక్షల మంది వచ్చారు. నేను దుప్పటి ముసుగేసుకుని ఆ బండ్లవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను.

పది గంటలకి అదే బండిలో నేనున్నాను. బావమరిది నడుపుతున్నాడు.

సాండ్ ఫ్లాట్స్ అని ఊరిని ఆనుకునే ఉంటుంది. అందులో హెల్స్ రివెంజ్ అనే దారి, దారంటే రాతి మీద టైర్లు గీసిన నల్లటి చారలే. ముందు గైడు బండి, వెనక మూడు అద్దె బండ్లు. చేప వీపులా ఇటూ అటూ జారిపోయే రాతి గట్టు మీదెక్కితే, ఎదర ఆకాశం తప్ప ఏమీ కనబడదు. బ్రేకు మీద కాలు నాది కాకపోయినా నేనే నొక్కుతున్నాను. టైరుకి రాయి అంత గట్టిగా పట్టు ఇస్తుందని చెబితే నమ్మలేదు, దిగి చేత్తో తడిమితే గరుకు కాగితంలా ఉంది. గైడు మంచివాడు, చారల్లోంచి పక్కకి పోయిన బండిని ఆపి మర్యాదగా చీవాట్లు పెట్టాడు. రాళ్ళ సందుల్లో నల్లగా, బొబ్బలెక్కినట్టు కనిపించే మట్టి ఉత్త మట్టి కాదు. అందులో నీలాకుపచ్చ నాచులూ లైకెన్లూ అల్లుకుని ఇసుక కొట్టుకుపోకుండా పట్టుకుంటాయి. ఒక్క చక్రం ఎక్కితే మళ్ళీ కూడుకోడానికి దశాబ్దాలు పడుతుంది. రెండున్నర గంటల టూరుకి డబ్బులు గట్టిగానే తీసుకున్నారు, కానీ నాలుగు రోజుల్లో పెట్టిన ఖర్చులో ఇదొక్కటీ వృథా అనిపించలేదు. సొంతంగా నడపాలనుకునేవాళ్ళకి ఒక మాట. 2023 జనవరి నుంచి యూటాలో ఇలాంటి బండ్లు నడిపే పెద్దవాళ్ళు కూడా ఆన్‌లైన్ కోర్సు ఒకటి పూర్తి చేయాలి. ఉచితమే, బావమరిది విమానంలో కూర్చుని ముగించాడు.

మోటెల్‌కి తిరిగొచ్చి, ఇంకోసారి వెళ్దామా అని నేను అడిగితే మా ఆవిడ, "పొద్దున తిట్టింది తమరేనా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ లేదు.

రెండోరోజు జెమినై బ్రిడ్జెస్. యూటీవీలో పెద్దవాళ్ళకి కుదరదని జీపు అద్దెకి తీసుకున్నాం. ఎయిర్‌పోర్టులో ఇచ్చే మామూలు అద్దె కార్లని మట్టిదారిలోకి తీసుకెళ్ళకూడదని ఒప్పందంలోనే రాసి ఉంటుంది, అందుకని ఊళ్ళో జీపుల దుకాణాన్నే చూసుకోవాలి. కౌంటర్లో ఉన్నాయన బొత్తిలోంచి ఓ మ్యాప్ తీసి, మార్కర్‌తో గీసి ఇచ్చాడు. మామయ్య అది చేతిలోకి తీసుకోగానే ముందు సీటు ఆయనదైపోయింది. స్కేలు ఎంత, ఉత్తరం ఎటు అని చూశాక, "అచ్చేసిన తేదీ లేదే" అన్నారు. మేం పట్టించుకోలేదు.

దారి మొదట్లో కొండ అంచున ఎక్కుడు ఉంది, అత్తయ్య అక్కడ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం అందుకున్నారు. తర్వాతంతా విశాలమైన మైదానం. బ్రిడ్జెస్ అంటే పక్కపక్కనే ఉన్న రెండు రాతి వంతెనలు, కింద లోయ. బాగున్నాయి, కానీ ఫొటోలో కంటే కళ్ళకి చిన్నవిగా అనిపించాయి. సైకిళ్ళవాళ్ళు చాలామందే ఎదురయ్యారు. మా దుమ్ము వాళ్ళ నోట్లోకి పోతుంటే ఒకావిడ చూసిన చూపు మర్చిపోలేను.

తిరుగుదారిలో మ్యాప్ మీద సన్నటి గీత ఒకటి కుడివైపు లోయ అంచుకు పోతోంది. ఫోన్ యాప్‌లోనూ ఉంది. మలుపులో టైరు గుర్తులున్నాయి. ఓ గోధుమరంగు ప్లాస్టిక్ పట్టీ కర్ర వంగిపోయి పొదలో పడి ఉంది, దాని మీద ఏముందో ఎవరం దిగి చూడలేదు. పావు మైలు వెళ్ళామో లేదో, వెనక తెల్ల పికప్ లైట్లు వెలిగాయి. బీఎల్ఎమ్ రేంజరు. బీఎల్ఎమ్ అంటే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, కేంద్ర ప్రభుత్వ భూముల్ని చూసే సంస్థ. లైసెన్సు, అద్దె కాయితాలు చూశాడు. ఈ దారి మూసేశారని, మీ మ్యాప్ పాతదని, జరిమానా రాయగలనని, ఈసారికి రాయడంలేదని చెప్పాడు. నాకు చేతులు చెమటలు పట్టాయి. వీసా మీదున్నవాళ్ళకి యూనిఫాం కనబడగానే వచ్చే టెన్షన్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మామయ్యకి మాత్రం సహోద్యోగి దొరికినట్టయింది. "ఈ భూమంతా ఎన్ని ఎకరాలో అడగరా" అన్నారు. బావమరిది అడిగాడు. ఒక్క మోయాబ్ ఆఫీసు కిందే దాదాపు 18 లక్షల ఎకరాలట. "మరి ఇలా తిరిగేవాళ్ళు ఎంతమంది?" అని అడిగించారు. ఆయన నవ్వి టోపీ సర్దుకున్నాడు తప్ప అంకె చెప్పలేదు. వెనక్కి తిప్పుకునేటప్పుడు మాత్రం, మేం వచ్చిన చక్రాల గుర్తుల మీదుగానే తిప్పమని దగ్గరుండి చూపించాడు.

ఆ రాత్రి మామయ్య నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు. ఈ గొడవ మూలం ఏమిటో చదివి చెప్పమన్నారు. నేను చదివినకొద్దీ ఆయన దాన్ని పల్నాడుకి తీసుకెళ్ళారు.

ఈ దారుల్లో చాలావాటిని వేసింది విహారానికి వచ్చినవాళ్ళు కాదు. 1952లో చార్లీ స్టీన్ అనే ఆయనకి మోయాబ్‌కి దక్షిణాన యురేనియం దొరికింది. ఆ ఊపులో వచ్చిన జనం బుల్డోజర్లతో ఎక్కడపడితే అక్కడ గీతలు గీశారు. గనులు మూతపడ్డా గీతలు మిగిలాయి. తర్వాత వాటి మీదికి జీపులు వచ్చాయి. ఈస్టర్ జీప్ సఫారీ అనే జాతర 1967 నుంచి జరుగుతోంది. ఇక చట్టం చూస్తే, 1866 నాటి గనుల చట్టంలో ప్రభుత్వ భూమి మీద బాట వేసుకునే హక్కు ఇచ్చే వాక్యం ఒకటుంది. 1976లో దాన్ని ఎత్తేశారు, కానీ అప్పటికే ఉన్న బాటల హక్కు పోదన్నారు. ఆ మాట పట్టుకుని యూటా రాష్ట్రమూ కౌంటీలూ వేల దారులు తమవేనని కోర్టుకెక్కాయి. "ఇది డొంక తగాదా గదయ్యా!" అని మామయ్య లేచి కూర్చున్నారు. "ఎడ్లబండ్లు పోయాయి కాబట్టి డొంక అంటాడు ఒకడు. నా పట్టాలో లేదు పొమ్మంటాడు ఇంకొకడు. ఎఫ్ఎంబీ తీసి చూపిస్తే ఇద్దరూ నన్నే తిడతారు."

ఎఫ్ఎంబీ అంటే పొలాల హద్దుల కొలతలుండే సర్వే పుస్తకం. ఇక్కడి ఎఫ్ఎంబీ, అంటే ఏ దారిలో బండి పోవచ్చో చెప్పే లెక్క, మారుతూ వచ్చింది. చక్రాల బండ్ల వల్ల నేలకీ జంతువులకీ ఇతరులకీ కలిగే నష్టం వీలైనంత తగ్గేలా దారులు ఎంచాలని 1972లోనే నిక్సన్ ఉత్తర్వు ఇచ్చాడు. 2008లో బీఎల్ఎమ్ చేసిన ప్లాన్‌లో ఆ పని సరిగ్గా జరగలేదని పర్యావరణ సంఘాలు కేసు వేస్తే, 2017లో రాజీ కుదిరి మళ్ళీ కొలవడం మొదలైంది. మేం తిరిగిన లాబిరింత్ కాన్యన్, జెమినై బ్రిడ్జెస్ ప్రాంతంలో, దాదాపు మూడు లక్షల ఎకరాల్లో 1,100 మైళ్ళ పైచిలుకు దారులుంటే, 2023 సెప్టెంబరులో 317 మైళ్ళు మోటారు బండ్లకి మూసేశారు. పడవల్లో గ్రీన్ రివర్ మీద పోయేవాళ్ళకి ప్రశాంతత కావాలి, కొండగొర్రెలకి చోటు కావాలి, పాత ఆదివాసుల ఆనవాళ్ళు చెడకూడదు. బండ్ల సంఘాలూ రాష్ట్రమూ ఆ నిర్ణయం మీద అప్పీలుకి వెళ్ళాయి.

పట్టుదల ఏ స్థాయిలో ఉంటుందంటే, 2014లో శాన్ హువాన్ కౌంటీ కమిషనరు ఫిల్ లైమన్, మోటారు బండ్లకి మూసేసిన రీకాప్చర్ కాన్యన్‌లోకి నిరసనగా జనంతో కలిసి బండి నడిపాడు. పదిరోజులు జైలు పడింది. 2020లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. మేం వెళ్ళిన ఆ అక్టోబరులో లైమన్ యూటా గవర్నరు పదవికి పోటీలో ఉన్నాడు. "అయితే పెద్ద తేడా ఏం లేదు మనకీ వీళ్ళకీ" అని మామయ్య అప్పుడు పడుకున్నారు.

నా మటుకు నాకు, 317 మైళ్ళు పోయినా ఇంకా 800 మైళ్ళున్నాయి కదా, ఏడవడం దేనికి అనిపించింది. మర్నాడు జీపు దుకాణం ఆయనతో అలా అంటే, "మీ ఇంట్లో మూడు గదులుండగా మీ నాన్న కట్టిన గది నేను తీసుకుంటే?" అన్నాడు. వాళ్ళ నాన్న యురేనియం వెతికిన మనిషట. ఆయన కోపం నాకర్థమైంది, ఒప్పుకోలేకపోయాను. ఆయన ఇచ్చిన మ్యాప్ విషయంలో మాత్రం తప్పు ఆయనదే.

మూడోరోజు ఆర్చెస్. ఆ ఏడాది ముందుగా టైం స్లాట్ బుక్ చేసుకోవాలి, రెండు డాలర్లు. మేం ఎనిమిదింటి స్లాట్‌లో వెళ్ళాం. డబుల్ ఆర్చ్ దాకా అత్తయ్య నడిచారు. డెలికేట్ ఆర్చ్‌కి ఎక్కలేరని కింది వ్యూపాయింట్ నుంచి చూపించాం. ఈ పార్కులోకీ దగ్గర్లోని ఇంకో జాతీయ పార్కు కాన్యన్‌ల్యాండ్స్‌లోకీ యూటీవీలు రాకూడదు. 2019 సెప్టెంబరులో రానిద్దామని పైనుంచి ఆదేశం వచ్చి, నెల రోజులకే వెనక్కిపోయింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నా ఓటు ఆర్చెస్‌కే. మరుగుదొడ్లు, నీళ్ళు, చదునైన బాట అన్నీ ఉన్నాయి.

ఆ రాత్రి బస డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కులో, యర్ట్ అనే గుండ్రటి గుడారంలో. నెలల ముందే బుక్ చేస్తేగానీ దొరకదు. కేంద్ర పార్కుల ఏడాది పాస్ ఇక్కడ చెల్లదు, ప్రవేశానికి వేరే కట్టాలి. పైకి నీళ్ళు ట్యాంకర్లలో రావాలి కాబట్టి క్యాన్లు నింపుకెళ్ళండి. అంచు దగ్గర నిలబడితే రెండువేల అడుగుల కింద కొలరాడో నది వంపు తిరుగుతూ కనిపిస్తుంది, అవతల ఎర్రమట్టిలో నీలం మడులు. మామయ్య చినగంజాం ఉప్పు మడులనుకున్నారు. దాదాపు అదే. నీళ్ళు తొందరగా ఇగిరిపోవాలని రంగు కలిపి ఎండబెడతారు. తయారయ్యేది పొటాష్, మన పొలాల్లో చల్లేదే.

చీకటి పడ్డాక ఏ చప్పుడూ లేదు. పిల్లాడు గుసగుసగా మాట్లాడ్డం మొదలుపెట్టాడు, ఎవరూ చెప్పకుండానే. అప్పుడు కింద లోయలో ఎక్కడో ఒక్క ఇంజన్. చాలాసేపు వినబడింది. "ఎన్ని మైళ్ళ అవతలుందో" అన్నాడు బావమరిది. వాడి గొంతులో చిరాకు చూసి మా ఆవిడ నావైపు తిరిగింది. నేను చుక్కల్ని చూస్తున్నట్టు నటించాను.

మామయ్య మాత్రం ఇంకా మ్యాప్ దగ్గరే ఉన్నారు. "మూస్తే మూశారు. మన్ననూరు గేటు చూడు, రాత్రి తొమ్మిదైతే శ్రీశైలం రోడ్డు మూసేస్తారు. గేటుంది, మనిషున్నాడు, అందరికీ తెలుసు. ఇక్కడ ఒక ప్లాస్టిక్ పుల్ల పాతి ఊరుకుంటే ఎట్లా? డొంక మూసేటప్పుడు దండోరా వేయించాలి" అన్నారు. మర్నాడు ఊళ్ళో విజిటర్ సెంటర్లో కొత్త మ్యాప్ అడిగితే వెంటనే ఇచ్చారు, డబ్బులు కూడా తీసుకోలేదు. మొదటిరోజే అక్కడికి వెళ్ళి ఉంటే సరిపోయేది. మీరు వెళ్ళండి.

రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టుకుని మామయ్య ఎర్రపెన్నుతో పాతదాని మీద మూసిన గీతలకి అడ్డంగా కొట్టారు, ఒక్కోటీ సరిచూసుకుంటూ. కింద తేదీ వేసి పొట్టి సంతకం చేశారు. వెళ్ళేముందు జీపు దుకాణం దగ్గర కారు ఆపించి, లోపలికి వెళ్ళి కౌంటర్ మీద పెట్టారు. అక్కడున్న అమ్మాయి థాంక్యూ చెప్పి, దాన్ని చూడకుండానే మిగతా మ్యాపుల బొత్తి మీద పెట్టింది.